లండన్ టు ప్యారిస్: దూరం 344 కిలోమీటర్లు, ఫ్లైట్ గంటా ఇరవై నిమిషాలు... మరి అరపూట ఎటు పోతుంది?

ఈరోజు ఎపిసోడ్ చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. లండన్ నుంచి ప్యారిస్ ఎంత దూరం? ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది?

ఫోన్ తీసి సెర్చ్ చేస్తే రెండు సెకన్లలో ఆన్సర్ వచ్చేస్తుంది. దూరం సుమారు 344 కిలోమీటర్లు. ఫ్లైట్ టైమ్ ఒక వెబ్‌సైట్‌లో 55 నిమిషాలు, ఇంకోదాంట్లో గంటా పదిహేను, ఎయిర్‌లైన్ సైట్‌లో గంటా ఇరవై. టికెట్ చూస్తేనేమో ఉదయం 9 గంటలకి బయల్దేరి 11:20కి చేరుతుంది అని ఉంటుంది. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలా? ఇన్ని నంబర్లలో ఏది కరెక్ట్?

విచిత్రం ఏంటంటే, అన్నీ కరెక్టే. కానీ ఒక్కో నంబర్ ఒక్కో దాన్ని కొలుస్తోంది. ఆ తేడా తెలియకపోతే ట్రైన్ మిస్ అవుతాం, కనెక్టింగ్ ఫ్లైట్ మిస్ అవుతాం, డబ్బులు పోతాయి. యూకేలో చదువుకుంటున్న మనవాళ్ళు చాలామంది హాలిడేస్‌లో ఫస్ట్ ప్లాన్ చేసే ట్రిప్ ప్యారిస్‌దే కాబట్టి, ఈరోజు దీన్ని పూర్తిగా విప్పి చూద్దాం.

ముందు దూరం సంగతి. 344 కిలోమీటర్లు అంటే ఒక నగరం మధ్య నుంచి ఇంకో నగరం మధ్యకి, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని కొలిచిన అతి దగ్గరి దూరం. కాకి ఎగిరితే ఎంత దూరమో అంత అన్నమాట. హైదరాబాద్ నుంచి విజయవాడకి రోడ్డు మీద దాదాపు 275 కిలోమీటర్లు కదా, దానికంటే ఇంకాస్త ఎక్కువ అనుకోండి. అంతే.

కానీ మనం కాకులం కాదు. కారులో వెళ్తే దూరం 450 కిలోమీటర్లు దాటిపోతుంది, మధ్యలో సముద్రం కూడా దాటాలి. యూరోస్టార్ ట్రైన్‌లో వెళ్తే లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి ప్యారిస్ గార్ దు నోర్ స్టేషన్ దాకా పట్టాల పొడవు 492 కిలోమీటర్లు. ఫ్లైట్‌లో అయితే హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్ట్‌కి నేరుగా సుమారు 348. చూశారా, అవే రెండు ఊళ్ళు, కానీ నాలుగు దూరాలు.

ఇప్పుడు అసలు పాయింట్. పెద్ద జెట్ విమానం గంటకి 800 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది అనుకుందాం. 348 కిలోమీటర్లకి ఎంత పట్టాలి? లెక్కేయండి. 26 నిమిషాలు! మరి ఎయిర్‌లైన్ గంటా ఇరవై ఎందుకు అంటోంది? మిగతా 54 నిమిషాలు ఏమైపోయాయి?

ఒకటి. టికెట్ మీద ఉండే టైమ్ గాల్లో ఉన్న టైమ్ కాదు. విమానం గేటు దగ్గర నుంచి కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగే దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. హీత్రోకి ఉన్నవి రెండే రన్‌వేలు. అంత బిజీ ఎయిర్‌పోర్ట్‌లో గేటు నుంచి రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళి, క్యూలో నిలబడి, టేకాఫ్ అయ్యేసరికి పదిహేను ఇరవై నిమిషాలు పట్టడం మామూలే. విమానం నేల మీద ఉంది, కానీ మీ ఫ్లైట్ టైమ్ నడుస్తూనే ఉంది.

రెండు. 800 కిలోమీటర్ల వేగం పైన ఎత్తులోనే వస్తుంది. పది వేల అడుగుల కింద విమానాలకి మామూలుగా 250 నాట్ల స్పీడ్ లిమిట్ ఉంటుంది. అంటే గంటకి దాదాపు 460 కిలోమీటర్లు. అవును, ఆకాశంలో కూడా స్పీడ్ లిమిట్ ఉంది! లండన్ నుంచి ప్యారిస్ లాంటి చిన్న ప్రయాణంలో విమానం పైకి ఎక్కడం, కిందకి దిగడంలోనే ఎక్కువ భాగం అయిపోతుంది. ఫుల్ స్పీడ్‌లో వెళ్ళే టైమ్ కొంచెమే.

మూడు. ఇది నాకు చాలా నచ్చే విషయం. విమానాలు గాలికి ఎదురుగా టేకాఫ్ అవుతాయి, గాలికి ఎదురుగానే ల్యాండ్ అవుతాయి. లండన్ వైపు గాలి ఎక్కువ రోజులు పడమర నుంచి వీస్తుంది. కాబట్టి హీత్రోలో చాలాసార్లు విమానం పడమర వైపు ఎగురుతుంది. కానీ ప్యారిస్ ఎటుంది? ఆగ్నేయంలో. అంటే మీ విమానం ముందు ప్యారిస్‌కి వీపు పెట్టి ఎగిరి, తర్వాత తిరుగుతుంది. అక్కడ ప్యారిస్‌లో కూడా గాలి పడమర నుంచి ఉంటే, ఎయిర్‌పోర్ట్ దాటి తూర్పు వైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి దిగాలి. మ్యాప్‌లో గీత నిటారుగా ఉంటుంది గానీ, విమానం దారి మాత్రం వంకర్లు తిరుగుతూ ఉంటుంది.

నాలుగు. ప్యారిస్ నుంచి లండన్ తిరిగి వచ్చేటప్పుడు ఇంకోటి కలుస్తుంది. హీత్రోలో దిగడానికి రద్దీ ఉంటే విమానాలని గాల్లో గుండ్రంగా తిప్పుతూ వెయిట్ చేయిస్తారు. ఇలా తిప్పడానికి లండన్ చుట్టూ నాలుగు చోట్లు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, వేరే వేరే ఎత్తుల్లో విమానాలు చక్కర్లు కొడుతూ తమ వంతు కోసం చూస్తుంటాయి. ఎయిర్‌లైన్స్‌కి ఇదంతా తెలుసు కాబట్టి, షెడ్యూల్‌లో ముందే కొన్ని నిమిషాలు ఎక్స్‌ట్రా వేసుకుంటాయి. అప్పుడప్పుడు మనం "పది నిమిషాలు ముందే వచ్చేశాం" అని సంబరపడతాం చూశారా, అది పైలట్ స్పీడ్‌గా నడపడం వల్ల కాకపోవచ్చు. ఆ ఎక్స్‌ట్రా నిమిషాలు వాడుకోవాల్సిన అవసరం రాలేదన్నమాట.

మరి 55 నిమిషాలు చెప్పిన వెబ్‌సైట్ సంగతి? అలాంటి సైట్లు చాలావరకు దూరాన్ని ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఒక అరగంట కలిపి నంబర్ ఇచ్చేస్తాయి. అది అంచనా మాత్రమే. దాన్ని చూసి ప్లాన్ చేసుకోకూడదు.

ఇప్పుడు 9 గంటలకి బయల్దేరి 11:20కి చేరడం సంగతి. ప్యారిస్ గడియారం లండన్ కంటే ఎప్పుడూ ఒక గంట ముందుంటుంది. రెండు దేశాల్లోనూ సమ్మర్ టైమ్ మార్పు ఒకే రోజు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం జరుగుతుంది కాబట్టి ఈ గంట తేడా ఏడాదంతా మారదు. వెళ్ళేటప్పుడు గంట పోతుంది, వచ్చేటప్పుడు గంట తిరిగి వస్తుంది. ప్యారిస్‌లో మధ్యాహ్నం 12కి ఎక్కితే లండన్‌లో 12:20కి దిగుతారు. టికెట్ చూస్తే ఇరవై నిమిషాల ఫ్లైట్ లాగా కనిపిస్తుంది! టికెట్‌లో టైమ్ ఎప్పుడూ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైమే. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

సరే, ఇప్పుడు డోర్ టు డోర్ లెక్క వేద్దాం. ఎందుకంటే మనం ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళడం లేదు, ఇంటి నుంచి ఐఫిల్ టవర్ దగ్గరికి వెళ్తున్నాం.

లండన్ మధ్యలో కింగ్స్ క్రాస్ దగ్గర ఉన్నారనుకోండి. పికడిలీ లైన్ ట్యూబ్‌లో హీత్రోకి దాదాపు గంట. ఎయిర్‌పోర్ట్‌లో రెండు గంటలు ముందు ఉండాలి. ఫ్లైట్ గంటా ఇరవై. దిగాక ఇమిగ్రేషన్, బ్యాగేజ్ కలిపి ముప్పావుగంట. అక్కడి నుంచి ఆర్‌ఈఆర్ బి ట్రైన్‌లో ప్యారిస్ మధ్యకి ఇంకో నలభై నిమిషాలు. మొత్తం ఎంత? ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు. 26 నిమిషాల దూరానికి దాదాపు ఆరు గంటలు!

అదే ట్రైన్ చూద్దాం. కింగ్స్ క్రాస్ పక్కనే సెయింట్ పాంక్రస్. నడిచి వెళ్ళడానికి పదిహేను నిమిషాలు వేసుకుందాం. గంటన్నర ముందు వెళ్ళారనుకుందాం. ట్రైన్ రెండు గంటల ఇరవై నిమిషాలు. దిగి బయటికి రావడానికి పది నిమిషాలు. మొత్తం నాలుగుంపావు గంటలు. ట్రైన్ స్పీడ్ గంటకి 300 కిలోమీటర్లే, విమానంలో సగం కూడా లేదు. అయినా గంటన్నర ముందే చేర్చేసింది.

ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఫ్రాన్స్ ఇమిగ్రేషన్ చెకింగ్ లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది. ఫ్రెంచ్ పోలీసులు అక్కడే కూర్చుని మీ పాస్‌పోర్ట్ చూస్తారు. ప్యారిస్‌లో దిగాక ఇంకో క్యూ ఉండదు, నేరుగా బయటికి నడిచి వెళ్ళిపోవడమే. తిరిగి వచ్చేటప్పుడు బ్రిటిష్ చెకింగ్ ప్యారిస్‌లోనే అయిపోతుంది.

ఈ ట్రైన్ సముద్రం కింద నుంచి వెళ్తుంది, అది మీకు తెలిసే ఉంటుంది. చానెల్ టన్నెల్ పొడవు 50 కిలోమీటర్ల పైనే. అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం కింద. 1994 మే 6న ఓపెన్ అయింది. మొదట్లో లండన్ వైపు ట్రైన్ పాత పట్టాల మీద నెమ్మదిగా వచ్చేది. 2007 నవంబర్‌లో ఇంగ్లండ్ వైపు కూడా హైస్పీడ్ లైన్ పూర్తయ్యాకే ఇప్పటి ఈ టైమింగ్ సాధ్యమైంది.

ఇక్కడ ఒక సరదా పోలిక చెప్పాలి. 1919 ఆగస్ట్ 25న లండన్ నుంచి ప్యారిస్‌కి రోజూ నడిచే తొలి ఇంటర్నేషనల్ విమాన సర్వీస్ మొదలైంది. బయల్దేరింది హౌన్స్‌లో హీత్ అనే మైదానం నుంచి. ఇప్పుడు మనవాళ్ళు చాలామంది ఉంటున్న హౌన్స్‌లో ఏరియానే అది. ఆ చిన్న విమానంలో ఒక ప్రయాణికుడు, కొన్ని న్యూస్‌పేపర్లు, కాస్త సరుకు. టైమ్ ఎంత పట్టింది? దాదాపు రెండున్నర గంటలు. అంటే వందేళ్ళ క్రితం విమానానికి పట్టిన టైమ్ కంటే కాస్త తక్కువలోనే ఇప్పుడు ట్రైన్ మనల్ని దింపేస్తోంది!

అలాగని "ఎప్పుడూ ట్రైనే ఎక్కండి" అని నేను చెప్పను. మీరు ఎక్కడ ఉంటున్నారు అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. ఈస్ట్ హామ్‌లో ఉంటే కింగ్స్ క్రాస్‌కి నేరుగా ట్యూబ్ ఉంది, ట్రైన్ బెస్ట్. హౌన్స్‌లోలో ఉంటే హీత్రో పావుగంట దూరం, అప్పుడు ఫ్లైట్ లెక్క బాగా తగ్గుతుంది. ఇక యూరోస్టార్ టికెట్ ఆఖరి నిమిషంలో కొంటే బాగా కాస్ట్లీ, నెలల ముందు బుక్ చేసుకోవాలి. స్టూడెంట్స్‌కి ఇంకో దారి బస్సు. విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి రాత్రి ఎక్కితే ఎనిమిది తొమ్మిది గంటల్లో పొద్దున్నే ప్యారిస్. కాకపోతే మధ్యరాత్రి బార్డర్ దగ్గర నిద్రలేచి, బస్సు దిగి, పాస్‌పోర్ట్ చూపించాలి. హోటల్ ఖర్చు ఒక రాత్రి మిగులుతుంది, నిద్ర మాత్రం పోతుంది.

టికెట్ రేట్లు పోల్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ పేరు తప్పకుండా చూడండి. కొన్ని చీప్ ఫ్లైట్స్ ప్యారిస్ అని చెప్పి బోవే ఎయిర్‌పోర్ట్‌లో దింపుతాయి. అది ప్యారిస్ నుంచి దాదాపు 85 కిలోమీటర్లు. లండన్ వైపు కూడా లూటన్, స్టాన్‌స్టెడ్, గాట్విక్, అన్నీ "లండన్" ఎయిర్‌పోర్టులే. కానీ ఏదీ లండన్ మధ్యలో లేదు. టికెట్‌లో మిగిలింది బస్సు ఛార్జీలకి పోతుంది. ట్రైన్‌లో అయితే రెండు సూట్‌కేసులు, ఒక చిన్న హ్యాండ్‌బ్యాగ్ మామూలు టికెట్‌లోనే వస్తాయి, 100 మిల్లీలీటర్ల లిక్విడ్ రూల్ కూడా లేదు. అమ్మ పంపిన ఆవకాయ సీసా ప్యారిస్‌లో ఉన్న ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే ఆ రూల్ గోల ఉండదు. మూత మాత్రం గట్టిగా బిగించండి.

ఇప్పుడు సీరియస్ విషయం. దయచేసి స్కిప్ చేయకండి.

యూకే షెంగెన్‌లో లేదు. మీ దగ్గర యూకే స్టూడెంట్ వీసా ఉన్నా, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ప్యారిస్ వెళ్ళాలంటే షెంగెన్ వీసా వేరుగా తీసుకోవాల్సిందే. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే సీజన్లు ఉంటాయి. అంటే 26 నిమిషాల దూరానికి ప్రిపరేషన్ నెల ముందు మొదలవ్వాలి. టికెట్ డబ్బులు కట్టేసి తర్వాత వీసా కోసం పరిగెత్తకండి. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ బార్డర్లలో ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ దశలవారీగా మొదలైంది. పాస్‌పోర్ట్ మీద స్టాంపు బదులు మీ రాకపోకలు కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఫస్ట్ టైమ్ వెళ్తున్నవాళ్ళు స్టేషన్‌లోనైనా ఎయిర్‌పోర్ట్‌లోనైనా కాస్త ఎక్కువ టైమ్ పెట్టుకోండి.

రెండో జాగ్రత్త, ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి. కొంతమంది డబ్బులు కలిసొస్తాయని ఇండియా నుంచి ప్యారిస్‌కి ఒక టికెట్, ప్యారిస్ నుంచి లండన్‌కి ఇంకో టికెట్ విడివిడిగా కొంటారు. "గంటా ఇరవై ఫ్లైటే కదా, మధ్యలో మూడు గంటలు గ్యాప్ ఉంది, చాలు" అనుకుంటారు. కానీ విడి టికెట్ అయితే చాలాసార్లు ప్యారిస్‌లో బ్యాగులు మీరే తీసుకుని మళ్ళీ చెక్ ఇన్ చేయాలి. దానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి. బయటికి రావాలంటే షెంగెన్ వీసా కావాలి! అది లేకపోతే ఇండియాలోనే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. రెండో ఫ్లైట్ ఓర్లీ ఎయిర్‌పోర్ట్ నుంచి అయితే ఊరు మొత్తం దాటాలి. పైగా మొదటి ఫ్లైట్ లేటై రెండోది మిస్ అయితే, రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు. ఒకే బుకింగ్‌లో ఉంటే మిమ్మల్ని లండన్ చేర్చే బాధ్యత వాళ్ళది. ఐదారు వేలు మిగుల్చుకోవడానికి అడ్మిషన్‌కి రిపోర్ట్ చేసే డేట్‌ని రిస్క్‌లో పెట్టకండి.

చివరిగా ఒక మంచి కథ. ఫ్లైట్ "చేరడం" అంటే ఏంటి? చక్రాలు నేలని తాకడమా, గేటు దగ్గర ఆగడమా? ఇది యూరప్‌లో అత్యున్నత కోర్టు దాకా వెళ్ళింది. యూరప్ రూల్ ప్రకారం 1500 కిలోమీటర్ల లోపు ఫ్లైట్ మూడు గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ లేటుగా చేరితే, అది ఎయిర్‌లైన్ చేతిలో లేని అసాధారణ కారణం వల్ల కాకపోతే, ఒక్కో ప్రయాణికుడికి 250 యూరోలు ఇవ్వాలి. యూకే రూల్‌లో అది 220 పౌండ్లు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్ బాన్‌కి వెళ్ళే జర్మన్‌వింగ్స్ విమానం ఒకరోజు లేటైంది. చక్రాలు నేలని తాకేసరికి 2 గంటల 58 నిమిషాల ఆలస్యం. పార్కింగ్ దగ్గర ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలు. ఎయిర్‌లైన్ ఏమో "మేము 2:58కే నేల మీదకి వచ్చేశాం, డబ్బులివ్వం" అంది. ప్రయాణికుడు వదల్లేదు. 2014 సెప్టెంబర్‌లో కోర్టు తేల్చి చెప్పింది: కనీసం ఒక తలుపు తెరుచుకుని, ప్రయాణికులు దిగడానికి అనుమతి వచ్చినప్పుడే విమానం చేరినట్టు. అంతదాకా మనిషి సీట్లో బందీగా ఉన్నట్టే, తన పని తాను చేసుకోలేడు కదా, అదీ కోర్టు ఆలోచన.

ఈ రూల్‌కి మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది అన్నదానితో సంబంధం లేదు. లండన్ నుంచి ప్యారిస్ వెళ్ళే ఫ్లైట్ మూడు గంటలు లేటైతే మనవాళ్ళు కూడా అడగొచ్చు. కాబట్టి ఎప్పుడైనా లేటైతే తలుపు తెరిచిన క్షణం ఫోన్‌లో టైమ్ చూసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. బోర్డింగ్ పాస్ డిలీట్ చేయకండి.

నిజానికి ఆ కోర్టు చెప్పిన మాటే మన ప్రశ్నకి కూడా ఆన్సర్. ప్రయాణం ఎంతసేపు అంటే, కిలోమీటర్లని వేగంతో భాగిస్తే వచ్చేది కాదు. మీ తలుపు మూసుకున్నప్పటి నుంచి, అవతల మీ పని మీరు మొదలుపెట్టే దాకా ఎంత టైమో అంత. ఈసారి ఏ రెండు ఊళ్ళ మధ్య టికెట్ కొన్నా, యాప్‌లో కనిపించే నంబర్‌కి ముందు ఎంత, వెనక ఎంత అని ఒక కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఫ్లైటా, ట్రైనా, బస్సా అన్నది మీకే తెలిసిపోతుంది.

మీరు వెళ్ళిన రూట్‌లో టికెట్ మీద టైమ్ ఎంత, ఇంటి నుంచి ఇంటికి నిజంగా పట్టింది ఎంత? కామెంట్స్‌లో రాయండి, వేరేవాళ్ళకి పనికొస్తుంది. యూకే వెళ్ళబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది పంపండి, ముఖ్యంగా ఆ విడి టికెట్ల సంగతి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, హ్యాపీ జర్నీ!